శుక్రవారం నీళ్లు

మాచర్ల,
23-6-86

తమ్ముడు చెన్నకేశవులుకి,

బాగున్నామని రాస్తే అబద్ధమవుతుంది. బాగాలేమని రాస్తే నువ్వు పని మానుకుని బస్సెక్కుతావు. అందుకని ఆ ముక్క వదిలేసి అసలు సంగతికి వస్తాను.

సువర్చల తొట్టిలో చేపలకు ఏదో జబ్బు చేసింది. కైకలూరులో ఎకరాలకు ఎకరాలు చేపల చెరువులు చూస్తున్నావు కదా, ఒక్క గాజుతొట్టి సంగతి నీకు తెలియకుండా ఉంటుందా? నల్లచేప పోయిన వారం చచ్చిపోయింది. మిగిలినవి నాలుగు. అందులో మా పిల్ల 'కనకం' అని పేరు పెట్టుకున్న పెద్ద బంగారు చేప నీళ్ల మీదికి తేలి నోరు తెరిచి ఆయాసపడుతోంది. తోక ముడుచుకుంటోంది. మేత వేస్తే దగ్గరికొచ్చి చూసి వెళ్లిపోతోంది. సువర్చలకు కోపం వచ్చినప్పుడు కంచం ముందు నుంచి లేచిపోయేది చూడు, అచ్చం అలాగే.

నా వైపు నుంచి లోటేమీ లేదు. ప్రతి శుక్రవారం తొట్టి మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్లు ఒక్కొక్కటీ రుద్ది కడిగి, అద్దాలు తుడిచి, కొత్త నీళ్లు పోస్తున్నాను. నీళ్ల దగ్గర నేను అశ్రద్ధ చేస్తానా చెప్పు? పోయిన శ్రావణంలో డాక్టరు అన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వూ పిల్ల మంచం పక్కనే ఉన్నావు. "నీళ్ల వల్ల వచ్చిన కామెర్లమ్మా" అన్నాడు. అదే మాట పట్టుకుని ఏడాదిగా బతుకుతున్నాను. ఈ ఇంట్లో చుక్క నీళ్లు కూడా నా చేతి మీదుగా తప్ప ఎక్కడికీ పోవు.

మా అత్త గురవమ్మ సంగతి తెలుసుగా. "పిల్లే పోయినాక దాని చేపలెందుకే? కాలవలో వదిలిపెట్టు" అని రోజూ పాట. మీ బావ ఏమీ అనరు. ఆయన ఇప్పుడు దేనికీ ఏమీ అనడం లేదు. క్వారీ నుంచి వచ్చి ఒంటి నిండా రాతిపొడితో ఆ తొట్టి ముందు కాసేపు కూర్చుని స్నానానికి లేస్తారు. అదే ఆయన మాట్లాడుకోవడం.

దాని చేతి అన్నం తిన్నవి, ఇంకా ప్రాణంతో ఉన్నవి ఈ ఇంట్లో ఇవే. అన్నిటికంటే కనకమంటే దానికి ప్రాణం. దాన్ని బతికించరా.

నీ అక్క
శేషారత్నం


కైకలూరు,
30-6-86

అక్కకు,

నీ ఉత్తరం చెరువు గట్టు మీదే చదివాను. ఇక్కడ చేపలకు జబ్బు చేస్తే మేం చేసేది డాక్టరు పని కాదు, పోలీసు పని. ముందు నీళ్లను నిలదీస్తాం. ముప్పాతిక జబ్బులు అక్కడే ఒప్పుకుంటాయి.

నీ మీద మొదటి నేరం మోపుతున్నాను, తిట్టుకోకు. నువ్వు మరీ శుభ్రం చేస్తున్నావు. చేపలు వేసిన మలం, మిగిలిన మేత కుళ్లి నీళ్లు విషమవుతాయి. ఆ విషాన్ని తినేసే సన్నటి ప్రాణులు గులకరాళ్లకు పట్టిన జిగురులో ఉంటాయి. నువ్వు ఆ జిగురు వదిలేదాకా రుద్దుతున్నావు. పెరుగు గిన్నెలో తోడు కూడా మిగల్చకుండా కడిగేస్తే మర్నాటికి పాలు తోడుకుంటాయా? అందుకని ఇకమీదట మూడో వంతు నీళ్లే తీసి, అంతే కొత్తవి పొయ్యి. రాళ్ల జోలికి పోవద్దు. మేత చిటికెడు చాలు.

మీ బోరు నీళ్లకు గిన్నెల అడుగున తెల్లగా సున్నం కడుతుంది కదా. వానలు మొదలయ్యాయి కాబట్టి డాబా మీద ఒక వాన కడిగిపోయాక, రెండో వాన నీళ్లు పట్టు. ఒక రాత్రి నిలవ ఉంచి మర్నాడు తొట్టిలో పొయ్యి.

ఇక చేప ఒంటి మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలున్నాయా? దూది అంటుకున్నట్టు ఉందా? రెక్కలు చివికాయా? తొట్టిలో నత్తలుండాలి, అవెలా ఉన్నాయో కూడా చూసి రాయి. గాలి మోటారు కరెంటు ఉన్నంతసేపూ ఆపకు.

సువర్చల గురించి నేను ఏమీ రాయలేదని అనుకోకు. కలం పట్టుకుంటే చేపల మీదికే పోతోంది.

చెన్నకేశవులు


మాచర్ల,
21-7-86

తమ్ముడికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. రాళ్ల జోలికి పోలేదు. మేత తగ్గించాను. వాన నీళ్లు పట్టి, రాత్రంతా నిలవ ఉంచి, శుక్రవారం పొద్దున పోశాను. తెల్ల చుక్కలు లేవు, దూది లేదు. ఒంటి మీద జిగట పొర మాత్రం పెరిగింది.

ముందు నత్తలు పోయాయి. అన్నీ కిందపడి డొల్లలు తిరగబడ్డాయి. తర్వాత చిన్న చేపలు రెండూ పోయాయి. బోరు నీళ్లలో ఈసురోమని ఈదుతూ ఉన్నవి, వాన నీళ్లు పోశాక నిలువునా పోయాయి. ఇప్పుడు కనకం, ఎర్ర తోకది మిగిలాయి.

ఇంకొక సంగతి రాయాలా వద్దా అని ఇన్ని రోజులూ ఆగాను. నవ్వనని మాట ఇచ్చి చదువు.

శుక్రవారం దీపం పెట్టే వేళకు తొట్టిలోంచి చప్పుడు వస్తోంది. టక్, టక్ అని. కాస్త ఆగి మళ్లీ టక్ అని. సువర్చల మేత వేసే ముందు చేతి గాజుతో అద్దం మీద కొట్టేది, నీకు గుర్తుందా? ఆ చప్పుడికి చేపలన్నీ కుడివైపు మూలకు పరిగెత్తుకొచ్చేవి. ఇదీ ఆ మూల నుంచే వస్తోంది. నేను దగ్గరికి వెళ్తే ఆగిపోతోంది.

నా ఒక్కదానికే అయితే భ్రమ అనుకునేదాన్ని. మీ బావ స్నానం మధ్యలో తడి తువ్వాలుతో బయటికొచ్చి, "అమ్మాయి వచ్చిందా?" అన్నారు. ఏడాది తర్వాత ఆయన నోటి వెంట అమ్మాయి అన్న మాట అదే. తర్వాత ఇద్దరం కూర్చుని, దాని గురించి చానాసేపు మాట్లాడుకున్నాం.

మా అత్త వేరేగా అంటోంది. "అది పోయింది శుక్రవారం. వచ్చేది శుక్రవారం. వచ్చినప్పుడల్లా ఒక చేపని తీసకపోతోంది. నీకు అర్థం కావట్లేదంటే ఏందే?"

నాకు భయం లేదురా. కన్నబిడ్డకు భయపడతామా? దాని చేపలు అది తీసుకుపోతుంటే కాదనడానికి నేనెవర్ని అని కూడా అనిపిస్తుంది. కానీ కనకాన్ని కూడా తీసుకుపోతే, ఆ తర్వాత దేని కోసం వస్తుంది?

అక్క


కైకలూరు,
28-7-86

అక్కకు,

నవ్వలేదు. నవ్వు రాలేదు.

ఆ చప్పుడు సంగతి తర్వాత రాస్తాను. ముందు నేను అడిగేవాటికి దాచకుండా జవాబు చెప్పు. నత్తలు ముందు పోయాయన్న మాట నాకు నచ్చలేదు. నీళ్లలో పసుపు, కుంకుమ లాంటివి ఏమైనా వేస్తున్నావా? తొట్టి పక్కన దోమల మందు కొట్టారా? డాబా మీద ఎరువు బస్తాలు, పురుగుమందు డబ్బాలు ఏమైనా ఉన్నాయా? వాన నీళ్లు రాత్రంతా దేంట్లో నిలవ ఉంచుతున్నావు?

ఎర్ర తోకది, కనకం ఒళ్లు రాళ్లకు రాసుకుంటున్నాయేమో కూడా చూడు. వెంటనే రాయి.

చెన్నకేశవులు


మాచర్ల,
4-8-86

తమ్ముడికి,

చేపల నీళ్లలో పసుపు కుంకుమ వేయడానికి నేనేమైనా మతిపోయినదాన్నా? దోమల మందు లేదు. డాబా కడిగించి, చెప్పులతో ఎవర్నీ పైకి రానివ్వడం లేదు.

నీళ్లు దేంట్లో పడతానో అడిగావు. సువర్చల బిందెలో. అది పెద్దమనిషైనప్పుడు మేనమామ సారెగా నువ్వు తెచ్చిన రాగి బిందె. "మావయ్యా, నాకు చీరా వద్దు, బిందే వద్దు, చేపల తొట్టి కావాలి" అని అది మొండికేస్తే, గుంటూరులో తొట్టి కొని, సారెలో బిందె లేకపోతే నలుగురిలో బాగుండదని బిందె కూడా కొని, రెండూ పాసింజరులో ఒళ్లో పెట్టుకుని తెచ్చావు. మెడ కింద దాని పేరు, నీ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించావు. అది బతికుండగా ప్లాస్టిక్ బకెట్‌తో పోసేది, ఆ బకెట్‌తోనే ఇల్లూ తుడిచేది. దాని అలవాటు నాకు నచ్చేది కాదు.

అది పోయాక నేనే బిందె దించాను. గురువారం సాయంత్రం చింతపండు, ఉప్పు పెట్టి అద్దంలా మెరిసేదాకా తోముతాను. ఒకసారి తొలుపుతాను. నీళ్లు పట్టి గుడ్డ కడతాను. రాగిలో నిలిచిన నీళ్లు శుద్ధి అవుతాయని అమ్మమ్మ చెప్పేది. నా బిడ్డను తీసుకుపోయిన నీళ్లలో మురికి ఉంది. దాని చేపలకు అలాంటి నీళ్లు పోయనని ఒట్టు పెట్టుకున్నాను.

ఎర్ర తోకది పోయింది. పోయే ముందు రాళ్లకు ఒళ్లు రాసుకున్న మాట నిజమే. కనకం ఒక్కతే మిగిలింది. ఈ శుక్రవారం పూజ అయ్యాక దాన్ని సాగర్ కాలవలో వదలాలని మా అత్త పట్టుబట్టింది. ఈ ఒక్క శుక్రవారం ఆగమన్నాను. పోయిన వారం చప్పుడు మరీ గట్టిగా వచ్చింది.

అక్క


టెలిగ్రాం
కైకలూరు, 7-8-86

బిందె నీళ్లు పోయవద్దు. చేపను కాలవలో వదలవద్దు. ఉత్తరం వస్తోంది. చెన్నకేశవులు.


కైకలూరు,
7-8-86

అక్కకు,

టెలిగ్రాం అందగానే బిందె పక్కన పెట్టి ఉంటావు. ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి.

ఆ ప్లాస్టిక్ బకెట్ వెతుకు. సబ్బు పెట్టకుండా కడిగి, బోరు నీళ్లు పట్టి, కాసేపు గాలికి ఉంచి కనకాన్ని అందులోకి మార్చు. సున్నం ఉన్నా ఫరవాలేదు, ఆ సున్నమే ఇప్పుడు దానికి కావాలి. తొట్టిలో పాత నీళ్లు మొత్తం తీసెయ్యి. రాళ్లు పారెయ్యి, కొత్తవి తెప్పించు. తొట్టి ఒకటికి నాలుగుసార్లు కడిగి, బోరు నీళ్లు నింపి, కట్టె బొగ్గులు బాగా కడిగి పలచటి గుడ్డలో మూటకట్టి గాలి మోటారు బుడగల దగ్గర పెట్టు. రెండు రోజులకొకసారి కొంచెం నీళ్లు మార్చు, బకెట్‌తోనే. కరెంటు పోతే గ్లాసుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉండండి, టీ చల్లార్చినట్టు. దానికి గాలి అందుతుంది.

ఇందులో చింతపండు లేదు, రాగి లేదు, శుక్రవారం లేదు. కారణం ఇప్పుడు అడగొద్దు. అది తేరుకున్నాక చెబుతాను.

చెన్నకేశవులు


మాచర్ల,
8-9-86

తమ్ముడికి,

కనకం బతికింది.

మేత తింటోంది. తోక విప్పింది. జిగట పొర పోయి మళ్లీ బంగారంలా ఉంది. కరెంటు పోయినప్పుడల్లా మీ బావ గ్లాసు పుచ్చుకుని నీళ్లు ఎత్తిపోస్తూ కూర్చున్నారు. క్వారీ పని మానుకుని మరీ కూర్చున్నారు. మా అత్త కూడా చూసి చూసి, "బతికితే బతకనీలే, నేనేమన్నా దాన్ని కూరొండమన్నానా" అంది.

నువ్వు ఇక్కడితో చదవడం ఆపేసి సంతోషపడితే బాగుండును.

చప్పుడు ఆగిపోయింది. బిందె పక్కన పెట్టిన నాటి నుంచి రాలేదు. శుక్రవారాలు వస్తున్నాయి, దీపం పెడుతున్నాను, మీ బావ పెందరాళే స్నానం చేసి తొట్టి ముందు కూర్చుంటున్నారు. కనకం హాయిగా తిరుగుతుంటుంది. నీళ్లలో బుడగల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. మొన్న ఆయన నా మొహంలోకి చూసి, "ఇయ్యాళ గూడా రాలేదే" అన్నారు. మళ్లీ మాటలు మానేశారు.

కారణం చెబుతానన్నావు. చెప్పు. సగం నాకు తెలిసే అడుగుతున్నాను. మిగిలిన సగం నీ నోటి నుంచి రావాలి. నన్ను చిన్నపిల్లను చేసి దాచావంటే ఇక నీకు ఉత్తరం రాయను.

అక్క


కైకలూరు,
15-9-86

అక్కకు,

ఈ ఉత్తరం రాసి చింపి, రాసి చింపి, చివరికి ఇది పంపుతున్నాను.

చెరువుల్లో నత్తలు, నాచు పెరిగితే మేం మైలుతుత్తం వాడతాం. పొలాల్లో మీరూ వాడతారు, నీలం రంగు గడ్డలు. అది రాగి నుంచి వచ్చేదే. కొంచెం ఎక్కువైతే నత్తలు ముందు పోతాయి, తర్వాత చేపలు. మనిషికి ఏమీ చేయనంత రాగి చేపకు విషం. చింతపండుతో తోమిన బిందెలో వాన నీళ్లు రాత్రంతా నిలిస్తే రాగి నీళ్లలోకి దిగుతుంది. బోరు నీళ్లలోని సున్నం ఆ విషాన్ని కొంత పట్టి ఉంచేది. అందుకే ఏడాది పాటు ఈసురోమంటూనైనా బతికాయి. వాన నీళ్లు పట్టమని చెప్పింది నేను. బిందె తెచ్చిందీ నేనే. కాబట్టి నేరం లెక్కవేయదలిస్తే నన్ను ముందు నిలబెట్టు.

చప్పుడు సంగతి. ఆ నీళ్లకు చేప ఒళ్లు మండుతుంది. మంట ఓర్చుకోలేక గులకరాళ్లకు రాసుకుంటుంది. రాయి ఎగిరి అద్దానికి తగులుతుంది. పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి పనిచేసేవి. నువ్వు దగ్గరికి వెళ్తే నీ నీడకు బెదిరి ఆగిపోయేవి. నాకు ఈ అనుమానం జూలైలోనే వచ్చింది. బావ మాట్లాడారని నువ్వు రాసిన ఉత్తరం చేతిలో పెట్టుకుని, అది రాళ్ల చప్పుడని రాయడానికి నాకు చేయి రాలేదు.

అక్కా, ఒక్క మాట విను. సువర్చల తాగిన నీళ్లు వేరు, ఇవి వేరు. ఆ ఏడాది ఊళ్లో ఇంటికొకరు కామెర్లతో పడుకున్నారు. ఆ నీళ్లు నువ్వు పాడు చేసినవి కావు. ఈ రెండూ కలిపి నీ నెత్తిన పెట్టుకోకు.

చెన్నకేశవులు


మాచర్ల,
22-9-86

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. నిజం రాసినందుకు నీ మీద కోపం లేదు. నా చేతులతోనే చంపానని తెలిసి రెండు రోజులు అన్నం సహించలేదు, ఇప్పుడు తింటున్నాను.

ఒక్కటి అడుగుతాను. అది తెలిసినవాడివి నువ్వే కాబట్టి నిన్నే అడగాలి. తొట్టి నిండా బోరు నీళ్లున్నప్పుడు, శుక్రవారం పొద్దున బిందెలోవి ఒక్క చెంబుడు నీళ్లు పోస్తే కనకం చస్తుందా? కాస్త మంటపుడుతుందేమో. రాళ్లకు రాసుకుంటుందేమో. సాయంత్రం మళ్లీ మంచి నీళ్లు మార్చేస్తాను.

నీకు పిచ్చిగా ఉంటుందని తెలుసు. అది చేప అనీ, రాయి అనీ తెలిసే అడుగుతున్నాను. మీ బావ రాత్రి భోజనానికి కూడా లేవడం లేదు. ఆయనకు నేను ఏమీ చెప్పలేదు. ఒక్క శుక్రవారం ఆ చప్పుడు వినిపిస్తే చాలు.

బిందె నిన్ననే తోమి పెట్టాను.

అక్క


టెలిగ్రాం
కైకలూరు, 25-9-86

చెంబు కూడా పోయవద్దు. బయలుదేరాను. చెన్నకేశవులు.


మాచర్ల,
6-10-86

తమ్ముడికి,

బస్సులు దొరక్క ఆ శనివారానికి చేరిన నువ్వు చెప్పులైనా విప్పకుండా తొట్టి దగ్గరికి పరిగెత్తావు. కనకం తిరుగుతుంటే చూసి కూలబడ్డావు. తర్వాత బిందె ఏదని అడిగావు, నిన్న ఏం చేశావని అడిగావు. నేను చెప్పలేదు. ఉన్న రెండు రోజులూ నా వెనకాలే తిరిగి, చెప్పించుకోకుండానే వెళ్లిపోయావు. ఎదురుగా చెప్పలేనివి రాయగలుగుతానని నీకూ తెలుసు.

నీ టెలిగ్రాం రావడానికి ముందే శుక్రవారం పొద్దున చెంబు ముంచాను. తొట్టి మూత తీశాను. మేత వేస్తాననుకుని కనకం పైకి వచ్చింది. నా చేతి కింద నోరు తెరుచుకుని నిలబడింది. ఏం పోయబోతున్నానో దానికేం తెలుసు? సువర్చల కూడా అంతే కదరా. బడి నుంచి రొప్పుతూ వచ్చి చేయి చాపితే గ్లాసు ఇచ్చేదాన్ని. ఏ నీళ్లని ఎన్నడూ అడగలేదు. నేనిచ్చాను కాబట్టి తాగేది.

నువ్వు రెండు నీళ్లూ వేరని రాశావు. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా నాకు ఎక్కలేదు. ఆ చేప నోరు చూశాక ఎక్కింది. పిల్లకు ఇచ్చిన నీళ్లు నాకు తెలియక ఇచ్చాను. ఇవి తెలిసి పోయబోయాను.

చెంబు ఎత్తి ఆ నీళ్లు నేనే తాగేశాను. పుల్లగా, రాగి వాసనగా ఉన్నాయి. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. అది పోయిన రోజున కూడా నేను అంత ఏడవలేదు. నా గొంతు విని మీ బావ లేచి వచ్చారు. ఆయనకు అంతా చెప్పాను. బిందె సంగతి, రాళ్ల సంగతి, నేను చేయబోయిన పని.

 "అయితే మనమ్మాయి రాలేదంటావు" అన్నారు. రాలేదన్నాను. లేచి, బీరువా తీసి, దాని బట్టల కింద ఉన్న గాజుల పెట్టెలోంచి ఒక గాజు తెచ్చారు. ఆకుపచ్చది. ఆయన మొరటు వేళ్లలో అది సరిగా ఇమడలేదు. తొట్టి కుడివైపు మూల అద్దం మీద దాంతో కొట్టారు. టక్, టక్ అని. కాస్త ఆగి మళ్లీ టక్ అని. ఆయన దాన్ని చూసి ఎప్పుడు నేర్చుకున్నారో నాకు తెలియదు, అదే వరస.

కనకం అటు మూల నుంచి తిరిగి వచ్చింది. మా ఇద్దరి వైపూ కాదు. సువర్చల పీట వేసుకుని కూర్చునే చోటు ఖాళీగా ఉంది చూడు, అటు తిరిగి నోరు తెరిచి నిలబడింది.

"వచ్చిందే" అన్నారు మీ బావ.

ఎవరని నేను అడగలేదు. బిందె ఇప్పుడు వంటింట్లో ఉంది, అందులో మంచినీళ్లు పోసుకుని మేము తాగుతున్నాం. శుక్రవారం సాయంత్రం ఆయన గాజుతో కొడతారు. నేను దీపం పెట్టి వచ్చి, ఆ ఖాళీ చోటు వదిలి, పక్కన కూర్చుంటాను.

నీ అక్క
శేషారత్నం